సగం చెయ్యని లోతు

ముందే ఒప్పేసుకుంటున్నా, తర్వాత మీరు తిట్టుకోకుండా. ఈ కేసులో నా క్లయింటు గెలవాలని నాకు లేదు.

క్లయింటు పేరు అపోలీన్ రూవ్రె. ఆమె తమ్ముడు గాతియెన్ పాతకాలపు ఫర్నిచర్‌కి దొంగ నకళ్ళు చేసి, అసలువని అమ్మించి, పారిపోయాడని పోలీసులు అంటున్నారు. "మా వాడు దొంగ కాదు, పారిపోనూ లేదు. నిరూపించు" అని ఆమె నన్ను పెట్టుకుంది. నిరూపిస్తే ఏమవుతుందో ఆమె ఆలోచించలేదు. నేను ఆలోచించాను. గాతియెన్ దొంగే అయితే, ఈపాటికి లిస్బన్‌లోనో ఇంకెక్కడో మారుపేరుతో కాఫీ తాగుతూ, కాఫీ బాలేదని గొణుక్కుంటూ ఉంటాడు. దొంగ కాకపోతే, నవంబరు నుంచి ఎవరికీ ఒక్క ఫోనూ చెయ్యని మనిషి ఏమైనట్టు?

అందుకని నాకు అతను దొంగ కావాలి.

ఇంకోటి కూడా చెప్పాలి. టెక్నికల్ స్కూల్లో అతనిదీ నాదీ ఒకే డ్రాయింగ్ బల్ల. ఆ తర్వాత ఒకే వంటగది. ఆదివారం వస్తానని చెప్పి వెళ్ళాడు. ఏ ఆదివారమో అడగలేదు నేను. ఇప్పటికీ ప్రతి ఆదివారం రొట్టె ఇద్దరికి సరిపడా కొంటున్నా, సోమవారం అది గట్టిపడ్డాక నీళ్ళు చల్లి కాల్చుకు తింటున్నా. డిటెక్టివ్‌లకి ఇంకాస్త మంచి అలవాట్లు ఉంటాయనుకుంటారు జనం.

సరే, పనిలోకి వద్దాం.

అన్సెల్మ్ పుజాదూ వర్క్‌షాప్ ఫోబూర్ అనే వడ్రంగుల పేటలో మూడు వాకిళ్ళు దాటాక లోపలెక్కడో ఉంటుంది. గాతియెన్ ఆఖరిసారి పనిచేసింది అక్కడే. నేను వెళ్ళేసరికి మధ్యాహ్నం నాలుగు దాటింది. వీధి గుమ్మం ముందు పోలీసు బండి, లోపల కెప్టెన్ రెజిస్ వోక్లాన్. కళాఖండాల దొంగతనాలు చూసే విభాగం ఆయనది. సూటు ఎప్పుడూ కొత్తగా, నోట్లో ఎప్పుడూ పుదీనా బిళ్ళ.

"ఓహో, మద్మొజెల్ తిఫేన్ లార్షె! ఇవాళ ఎవరి కుక్క తప్పిపోయింది?"

"మీదేనేమోనని వచ్చా కెప్టెన్. ఈమధ్య దానికి వాసన తెలియడం లేదట."

ఆయన బిళ్ళని ఒక బుగ్గలోంచి ఇంకో బుగ్గలోకి తోశాడు. అది ఆయన నవ్వు. జడ్జి ఇచ్చిన అనుమతి కాగితం చూపించాను. రెండుసార్లు చదివాడు, తప్పు దొరకలేదు.

"చూసుకోండి. చూడ్డానికేముంది, సాయంత్రానికి ఫైలు మూసేస్తున్నా. రూవ్రె మీద వారంటు వెళ్తుంది."

గది మధ్యలో ఉంది ఆ వస్తువు. నడుమెత్తు పుస్తకాల బీరువా, మహాగని, ఇత్తడి పట్టీలు, పైన బూడిదరంగు పాలరాయి. రెండు వందల ఏళ్ళ కిందట ఏదో దొర లైబ్రరీ కోసం చేసిందని చెప్పి వేలంలో అమ్మారు. కొన్నాయన ఒక నిపుణుణ్ణి పిలిపించాడు. ఆయన పోయిన మంగళవారం మోకాళ్ళ మీద కూర్చుని, కాళ్ళు చూసి, "ఇది నకలు" అని లేచాడు. వోక్లాన్ దాన్ని ఎక్కడ తయారైందో అక్కడికే తెప్పించాడు. దాని మీద, ప్లాస్టిక్ సంచీలో, ఈ షాపులోనే దొరికిన ఒక డ్రాయింగ్ షీటు.

షీటు చూడగానే నాకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

గాతియెన్ గీత అది. సంతకం లేదు, ఒక్క కొలతా రాసి లేదు. దొంగపనికి గీసే షీటు మీద ఎవరూ అంకెలు రాయరు, స్కేలు పెట్టి కొలుచుకుంటారంతే. కానీ గీత మొదలయ్యే చోట పెన్సిల్‌ని ఒక క్షణం ఆపి, చిన్న చుక్క పడ్డాక లాగడం అతని అలవాటు. ఆ చుక్కలన్నీ ఉన్నాయి. ఆర్నెల్లుగా నేను చూడని మనిషి అక్కడ ప్రతి మూలలోనూ ఒక క్షణం ఆగి కూర్చున్నాడు.

"అతనిదేనా?" అన్నాడు వోక్లాన్, నా మొహం చూస్తూ.

"అతనిదే."

"అబ్బ, ఇంత తేలిగ్గా ఒప్పుకుంటారనుకోలేదు. మెస్యూ పుజాదూ, మీరు మాకు చెప్పింది ఈమెకీ చెప్పండి."

పుజాదూ తన పనిబల్లకి ఆనుకుని ఉన్నాడు. అరవై దాటిన మనిషి, నీలం ఏప్రన్, చెవి మీద పెన్సిల్. ఆ వీధిలో బల్లలూ బీరువాలూ చేసేవాళ్ళలో సగం మంది ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళే.

"చెప్పడానికేముంది తల్లీ. నాకు తెలియకుండా జరిగింది. నవంబరులో ఇక్కడ తన బల్ల ఖాళీ చేశాడు. షాపు తాళం చెవి వాడి దగ్గరే ఉండిపోయింది కదా, రాత్రిళ్ళు వచ్చి చేసుకునేవాడన్నమాట. షీటు వాడిదే, చెయ్యీ వాడిదే. ఫిబ్రవరిలో వస్తువు పట్టుకుపోయాడు. తర్వాత చూస్తే ఇదిగో, పోలీసులు."

"మీ కలప, మీ ఇత్తడి, మీ కరెంటు. ఏదీ తగ్గినట్టు అనిపించలేదా?"

"పెద్దవాణ్ణైపోయాను."

"పాలరాయి కూడా రాత్రిపూట ఒక్కడే ఎత్తాడా?"

"కుర్రాడు, బలం ఉంది."

గాతియెన్‌కి వంటగదిలో నిండా నీళ్ళున్న గిన్నె ఎత్తమంటే నడుం పట్టేసేది. ఆ ముక్క పైకి అనలేదు. స్కేలు తీశాను.

"మా వాళ్ళు కొలిచారు," అన్నాడు వోక్లాన్. "షీటు అయిదో వంతు స్కేల్లో ఉంది. వెడల్పు షీటు మీద ఇరవై నాలుగు సెంటీమీటర్లు, వస్తువు నూట ఇరవై. ఎత్తు పద్దెనిమిది, వస్తువు తొంభై. లోతు ఆరు, వస్తువు అరవై."

"ఆరుని అయిదుతో గుణిస్తే ముప్పై వస్తుంది కెప్టెన్. మా స్కూల్లో అంతే నేర్పారు."

"మీ స్కూల్లో మీకు సరిగ్గా నేర్పలేదు. ఇది రౌతు చూపు. లోతు సగానికి కుదించి గీస్తారు. ఆరంటే పన్నెండు. పన్నెండు అయిదులు అరవై. పదేళ్ళ పిల్లలు చేస్తారు ఇది."

నిజమే, మా దగ్గర బళ్ళో పిల్లలంతా చేస్తారు. గుర్రం మీద కూర్చున్నవాడికి కోటగోడ కనబడినట్టు గీయడం కాబట్టి దానికి ఆ పేరు. వస్తువు ముందు ముఖాన్ని ఉన్నదున్నట్టు గీసి, లోతుని మాత్రం ఏటవాలుగా పక్కకి లాగుతారు. ఫొటోలో లాగా దూరం వెళ్ళేకొద్దీ చిన్నదవడం ఉండదు ఇందులో. వెనక అంచు ముందు అంచు అంతే ఉంటుంది. కాకపోతే లోతుని పూర్తిగా లాగితే కంటికి మరీ సాగిపోయినట్టు కనిపిస్తుంది. అందుకని సగం చేసి గీయడం అలవాటు. కుదింపు ఎంతో షీటు మూలన 'కె' అని రాసి చెప్పాలి. సగమైతే ఎవరూ రాయరు, అందరికీ తెలుసు కదా అని.

గాతియెన్‌కి తెలియదు. అంటే, తెలుసు, ఒప్పుకోలేదు.

స్కూల్లో మా డ్రాయింగ్ టీచర్ మదాం ఎస్కోఫియే అతని షీటుకి వరసగా మూడుసార్లు సున్నా వేసింది. ప్రతిసారీ లోతు పూర్తిగా గీసేవాడు. "కంటికి బాగుండాలి కదా రూవ్రె" అనేది ఆవిడ. వాడు లేచి నిలబడి, ఎంతో మర్యాదగా, "వెనకాల ఉన్నంత మాత్రాన సగం చేసేస్తామా మదాం?" అనేవాడు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను, ఆ పూటే ప్రేమలో పడిపోయాను కూడా. వయసు పదిహేడు, అంతకంటే పెద్ద కారణాలు అక్కర్లేదు.

'కె' కూడా రాసేవాడు కాదు. తగ్గించినవాడు రాయాలి గానీ, తగ్గించనివాడు ఏం రాస్తాడు అనేవాడు.

ఇదంతా వోక్లాన్‌కి చెబితే ప్రేమకథలు రాసుకో అంటాడు. అందుకని నిపుణుడు కూర్చున్నట్టే నేనూ మోకాళ్ళ మీద కూర్చున్నాను.

"నిపుణుడు కాళ్ళ గురించి ఏమన్నాడు?"

"కాళ్ళు తప్పు అన్నాడు."

"ఏం తప్పు?"

"ఆ కాలానివి కావన్నాడు. నకలు చేసినవాడు నకలు చేసినట్టే చేస్తాడు, అందులో వింతేముంది?"

బీరువాకి నాలుగు కాళ్ళు, కిందకి సన్నబడే నలుపలకల కాళ్ళు. స్కేలు పెట్టాను. ముందు వైపు అయిదు సెంటీమీటర్లు. పక్క వైపు పది.

"మెస్యూ పుజాదూ, ఒకసారి ఇలా వస్తారా?"

ఆయన కదల్లేదు. "ఇక్కడ్నుంచి కనిపిస్తుంది."

"ఈ కాలు చూడండి. ముందు నుంచి చూస్తే కాలు. పక్క నుంచి చూస్తే తలుపుచెక్క. మీ జీవితంలో ఏ పాత బీరువాకైనా ఇలాంటి కాలు చూశారా? పలకలు సమానంగా ఉండాలి కదా?"

"ఉండాలి."

"మరి ఇంత ఎడ్డి పని చేసినవాడెవడు? ఉలి పట్టడం రానివాడా?"

ఆయన మెడ ఎర్రబడింది.

"ఉలి పట్టడం రాకపోవడమేమిటి? ఆ అతుకు చూడు! గోరు దూరుతుందా? పని గురించి మాట్లాడకు నువ్వు."

"అతుకు బాగుంది. కాలే గాడిదలా ఉంది."

"షీటు ఎలా ఉంటే అలా చేస్తాం! గీసినవాడు గీసింది చెయ్యి, నీ తెలివి దూర్చకు, ఇదీ ఈ షాపు పద్ధతి. మా నాన్న కాలం నుంచీ ఇక్కడ లోతంటే సగమే. షీటు మీద కాలు పక్క ఒక సెంటీమీటరుంది, రెండు చేశాం, అయిదు పెట్టి హెచ్చించాం, పది వచ్చింది. అంతేగాని మాకు..."

ఆగాడు.

పుదీనా బిళ్ళ చప్పుడు కూడా ఆగింది.

"మీకా?" అన్నాను. "గాతియెన్ రాత్రిళ్ళు ఒక్కడే చేశాడన్నారు కదా?"

పుజాదూ చెవి మీది పెన్సిల్ తీసి, చూసి, మళ్ళీ అక్కడే పెట్టుకున్నాడు.

నేను షీటు మీద స్కేలు పెట్టి వోక్లాన్‌కి చూపించాను. "ఇటు చూడండి కెప్టెన్. కాలు ముందు పలక ఒక సెంటీమీటరు. ఏటవాలు పలక కూడా ఒకటే. సగం చేసి గీసి ఉంటే అది అర సెంటీమీటరు ఉండాలి. సమానంగా ఉందంటే గీసినవాడు లోతు కుదించలేదని. బీరువా లోతు ఆరంటే ఆరే. ముప్పై సెంటీమీటర్ల బీరువా గీశాడు అతను, పుస్తకాలకి సరిపడా. చేసినవాళ్ళు అరవై చేశారు. ఎవరి పుస్తకాలు అరవై లోతుంటాయి? ముందొక వరస, వెనకాల అత్తగారికి తెలియకూడనివి ఇంకో వరసా?"

ఆయన వంగి కొలిచాడు. ఇంకో కాలూ కొలిచాడు. లేచేటప్పుడు సూటు మోకాలికి రంపప్పొట్టు అంటుకుంది, దులుపుకోలేదు.

"గీసినవాడే చేసుంటే ఈ తప్పు జరగదు," అన్నాను. "గీసినవాడు పక్కన నిలబడి చూసినా జరగదు. చెక్క కోసే మొదటిరోజే కేక పెట్టి ఉండేవాడు. ఈ బీరువా తయారైన రోజుల్లో గాతియెన్ రూవ్రె ఈ గదిలో లేడు. ఒక్క రాత్రి కూడా."

గెలిచాను. అపోలీన్ నన్ను పెట్టుకున్న పని నేను మోకాళ్ళ మీద కూర్చుని పూర్తిచేసేశాను.

వోక్లాన్ చాలాసేపు షీటు చూశాడు. తర్వాత ఆయన గొంతు మారింది. వెటకారం ఉంటేనే బాగుండేది.

"బాగానే ఉంది మద్మొజెల్. అతను ఇక్కడ లేడు. ఇంట్లో లేడు. అక్కకి ఫోన్ చెయ్యలేదు. మీకు చేశాడా?"

"లేదు."

"బ్యాంకులో డబ్బు కదల్లేదు. ఏ సరిహద్దూ దాటలేదు. ఫిబ్రవరి దాకా అతను ఇక్కడికి వచ్చిపోయాడని చెప్పింది ఒక్క ఈ పెద్దమనిషే, అదీ అబద్ధమని మీరే తేల్చారు." పుజాదూ వైపు తిరిగాడు. "నవంబరులో షీటు గీయించుకున్నారు. తర్వాత ఆ కుర్రాడు ఎవరికీ కనబడలేదు. కింద సెల్లారు ఎంతుంది మెస్యూ?"

"సెల్లారా? ఎందుకు?"

"తవ్వించాలి."

గుర్తుందా, నాకు అతను దొంగ కావాలన్నాను. దొంగ కాదని నేనే, నా స్కేలుతోనే, నా నోటితోనే తేల్చి ఇచ్చాను. లిస్బన్, మారుపేరు, బాలేని కాఫీ, అన్నీ పోయాయి. జేబులో ఫోను మోగింది. అపోలీన్. మోగనిచ్చాను. ఏమని చెప్పాలి? మీ తమ్ముడు నిర్దోషి, కూర్చుని వినండి అనా?

వోక్లాన్ మనుషుల్ని పిలిపించడానికి ఫోన్ పట్టుకుని బయటికి వెళ్ళాడు. వాకిట్లో సిగ్నల్ అందదు కాబట్టి వీధి దాకా నడవాలి. గుమ్మం దగ్గర ఒక కానిస్టేబుల్ ఇటు వీపు పెట్టి నిలబడ్డాడు.

"తవ్వితే దొరుకుతాడా?" అన్నాను పుజాదూతో. "తవ్వక్కర్లేకుండా చెప్పెయ్యండి. ఎక్కడున్నాడు?"

"నేనేం చెయ్యలేదు తల్లీ. నా పిల్లల మీద ఒట్టు. సెల్లారులో పాత తలుపులూ ఎలకలూ తప్ప ఏం లేవు."

అని ఒక అడుగు పక్కకి వేశాడు. భయపడ్డ మనిషి గుమ్మం వైపు వేస్తాడు, లేదంటే గోడ వైపు. ఈయన మూలన గుడ్డ కప్పి ఉన్న ఏదో వస్తువు ముందుకి వెళ్ళి నిలబడ్డాడు.

"అదేంటి?"

"వంటింటి అలమర. పోలీసులు చూశారు. గుడ్డ తీసి లోపల కూడా చూశారు."

"నేనూ చూస్తా."

"చూడ్డానికేం లేదక్కడ..."

గుడ్డ లాగేశాను. తలుపులింకా పెట్టని బీరువా, వట్టి మహాగని డొల్ల. ఇంత మంచి చెక్కతో వంటింటి అలమర చేయించుకునేవాళ్ళు ఉంటే వాళ్ళింటికి నేను భోజనానికి వెళ్తా. మూల అతుకు మీద వేలు పెట్టాను. సరేసు జిగురు ఇంకా తడిగా అంటుకుంది. ఇవాళ పొద్దున పూసింది. స్కేలు తీశాను. వెడల్పు నూట ఇరవై. ఎత్తు తొంభై.

లోతు ముప్పై.

కాలు అయిదు. పక్కకి తిప్పి చూస్తే, అయిదు.

"అయితే లోతంటే సగం కాదని ఎవరో చెప్పారన్నమాట మీకు," అన్నాను నెమ్మదిగా. "మీ నాన్న కాలం నుంచీ ఉన్న పద్ధతి ఈ వారంలో మారిపోయిందా?"

నేను బీరువా వెనక వైపుకి వంగాను. గోడకీ దానికీ మధ్య మనిషి పట్టే సందు లేదు, ఒక చెయ్యి మాత్రం పడుతుంది. పనివాళ్ళకి ఒక అలవాటు ఉంది, చేస్తున్న వస్తువుకే షీటు అతికించుకుంటారు, మాటిమాటికీ బల్ల దాకా నడవక్కర్లేకుండా. పోలీసులు ముందు ముఖం చూశారు, లోపల చూశారు. వెనక చెయ్యి పెట్టలేదు. నా వేళ్ళకి కాగితం తగిలింది.

టేపు ఊడదీసి బయటికి లాగాను.

అదే బీరువా. అదే వెడల్పు, అదే ఎత్తు. ఏటవాలు గీతలు మళ్ళీ ఆరు సెంటీమీటర్లే, ఒక్క వెంట్రుకవాసి కూడా కుదించలేదు. ప్రతి మూలలో చుక్క. కింద కుడివైపు, ఎప్పుడూ ఖాళీగా వదిలేసే చోట, పెద్ద అక్షరాలతో:

కె = 1.

అంటే లోతు ఉన్నదున్నట్టే, కుదింపు లేదు. దాని కింద రెండు గీతలు. రెండో గీత ఎంత నొక్కి గీశాడంటే పెన్సిల్ మొన కాగితాన్ని చీల్చుకుపోయింది.

నేను నేల మీద కూర్చుండిపోయాను.

అతను ఎన్నడూ రాయనిది రాశాడంటే, ఎవరో అతని మాటని తప్పుగా చదివారని తెలిసి రాశాడు. తప్పు చదివారని లోకానికి తెలిసింది పోయిన మంగళవారం, నిపుణుడు కాళ్ళు చూశాక. అంతకుముందు ఎవరికీ తెలియదు. అంటే ఈ షీటు మంగళవారం తర్వాతది. అంటే మంగళవారం తర్వాత, ఎక్కడో ఒక గదిలో, ఒక బల్ల ముందు, గాతియెన్ బతికి ఉన్నాడు. ఆరోగ్యంగా, కోపంగా, కాగితం చిరిగేంత కోపంగా. ఆ చిరుగు మీద వేలు పెట్టాను. ఆర్నెల్లలో అతన్ని ముట్టుకున్నట్టు అనిపించింది ఇదే మొదటిసారి.

అంతే కాదు. అతను తెలిసే గీస్తున్నాడు. మొదటిది నకలని పట్టుబడ్డాక రెండోది గీసి ఇచ్చినవాడికి, ఇది దేనికో తెలియదని ఎవడు నమ్ముతాడు?

"మొదటిది నకలని తేలింది కదా," అన్నాడు పుజాదూ, గుసగుసగా, నా పక్కనే స్టూలు మీద కూలబడుతూ. "ఇప్పుడు అసలుది దొరికిందని చెప్పి ఇది అమ్ముతారు. అది వాళ్ళ ఉపాయం."

"ఎవరు వాళ్ళు?"

"పేర్లు తెలియవు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు. చెక్క పంపుతారు, షీటు పంపుతారు, చేసి ఇస్తాను. గాతియెన్ మొదట్లో ఇష్టంగానే వెళ్ళాడు తల్లీ. ఒక ఏడాది గీస్తే సొంత షాపు పెట్టుకోవచ్చన్నారట. ఎవరితోనూ మాట్లాడకూడదని షరతు."

"ఇప్పుడు?"

"ఇప్పుడు ఇష్టమో కాదో నాకు తెలియదు. ఈ షీటు తెచ్చినవాణ్ణి అడిగాను, కుర్రాడు ఎలా ఉన్నాడని. 'వెళ్ళిపోతానంటున్నాడు, ఇది అయ్యాక చూద్దాం' అన్నాడు." ఆయన గుమ్మం వైపు చూశాడు. "వాడు మళ్ళీ ఇవాళ వస్తాడు, ఆరింటికి, పని ఎంతవరకు వచ్చిందో చూడ్డానికి. బయట పోలీసు బండి కనబడిందా, వెనక్కి తిరిగి వెళ్తాడు. వెళ్ళి చెప్తాడు. ఇక వాళ్ళకి షీట్లతో పని ఉండదు. గీసినవాడితోనూ ఉండదు."

"ఇది పొద్దున్నే కెప్టెన్‌కి ఎందుకు చెప్పలేదు?"

"చెబితే వాడు జైలుకి, నేను జైలుకి. చెప్పకపోతే, వాడెలాగూ వాళ్ళకి దొరకడు, నేను ఏమీ తెలియని ముసలి వెధవనని అనుకుని పోతారనుకున్నా." చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. "ఆ కాగితం పొయ్యిలో పడెయ్ తల్లీ. నువ్వు నిరూపించింది సరిపోతుంది. వాడి పేరుకి మచ్చ ఉండదు. సెల్లారు తవ్వుకుంటారు, ఏం దొరకదు."

నిజంగానే ఆలోచించాను. సరేసు కాగే పొయ్యి అడుగు దూరంలో ఉంది. కాల్చేస్తే గాతియెన్ నిర్దోషి, అపోలీన్ తమ్ముడు నిర్దోషి, నా గాతియెన్, లోతు సగం చెయ్యని గాతియెన్, అలాగే ఉండిపోతాడు. ఇస్తే, ఆ గీత అతనిదని కోర్టులో చెప్పగలిగిన మనిషి ఈ నగరంలో ఒక్కర్తే. అతను జైలు నుంచి బయటికొచ్చాక ఆ మనిషి మొహం చూస్తాడా?

వాకిట్లో బూట్ల చప్పుడు. వోక్లాన్ లోపలికి వచ్చాడు.

"గంటలో మనుషులు వస్తున్నారు. నేల మీద ఏం చేస్తున్నారు మద్మొజెల్? ఏమైనా దొరికిందా?"

లేచాను. షీటు ఆయన చేతిలో పెట్టాను.

"ముందు మీ బండి వెనక సందులోకి తీయించండి. వచ్చేవాళ్ళని రావద్దని చెప్పండి. ఆ గుమ్మంలో కానిస్టేబుల్‌ని లోపలికి పిలవండి. తర్వాత ఇది చదవండి. గాతియెన్ రూవ్రె దొంగే."

ఆయన కాగితం చూడలేదు, నన్ను చూశాడు. "పావుగంట కింద నిర్దోషి అన్నారు."

"పావుగంట కింద చచ్చిపోయాడు."

చెప్పాను, అంతా. మంగళవారం, చిరుగు, ఆరింటికి రాబోయే మనిషి. ఆయన ఆఖరున బిళ్ళ నమిలి మింగేసి, కానిస్టేబుల్‌కి కేక వేసి బండి తీయమన్నాడు. అప్పుడు నాతో, కాస్త తగ్గించి: "ఇది అతని గీతేనని ప్రమాణం చేసి చెప్పాలి మీరు. అతని ఎదురుగా. మొదటి షీటూ, ఇదీ, రెండూ."

"చెప్తాను."

"అతనికి మూడు నాలుగేళ్ళు పడొచ్చు."

"పడనివ్వండి. ఎక్కడున్నాడో తెలుస్తుంది కదా."

ఆయన మొహం పక్కకి తిప్పుకున్నాడు. నేను ఏడుస్తున్నానని నాకు అప్పుడు తెలిసింది, నవ్వుతూ ఏడుస్తున్నానని ఆ తర్వాత.

బయట బండి ఇంజను స్టార్టయింది. అదే క్షణంలో, ఇంకో వైపు నుంచి, మొదటి వాకిట్లోకి ఒక స్కూటర్ వచ్చి ఆగిన చప్పుడు. ఇంకా అయిదు కూడా కాలేదు.

పుజాదూ తల ఎత్తాడు. పెదాలు తెల్లగా ఉన్నాయి. "వాడే. ముందొచ్చేశాడు."

బండి వీధి మలుపు తిరిగిందో లేదో మాకెవరికీ తెలియదు. వాడు చూశాడో లేదో కూడా. వోక్లాన్ కొత్త సూటుతో సహా మహాగని డొల్లని కాస్త ముందుకి లాగి దాని వెనక నక్కాడు, చెయ్యి తుపాకీ మీద వేసి. పుజాదూ ఆ మొహంతో తలుపు తీస్తే వచ్చినవాడికి అంతా అర్థమైపోతుంది. మిగిలింది నేను. గోడకున్న నీలం ఏప్రన్ తీసి తగిలించుకున్నాను, పెన్సిల్ చెవి మీద పెట్టుకున్నాను.

అడుగులు రెండో వాకిలి దాటాయి.

మిమ్మల్ని ఒకటి అడగాలి. మీకెవరికైనా, ప్రాణం పెట్టుకున్న మనిషి మీద మీరే సాక్ష్యం చెప్పాల్సి వచ్చిందా? వాళ్ళు బతికుంటే చాలనుకుని, వాళ్ళు మిమ్మల్ని జన్మలో క్షమించకపోయినా ఫర్వాలేదనుకుని? తర్వాత ఎప్పుడైనా వాళ్ళు మీ గుమ్మంలోకి వచ్చారా? వస్తే మొదటి మాట ఎవరు మాట్లాడారు? తలుపు చప్పుడవుతోంది. నేను తీసొచ్చేలోగా రాసి పెట్టండి.